లాకుల చావిడి కోసం కోతల పండగ: రెండో ఏడాది డైరీ

నవంబరు 9, ఆదివారం

ముందు తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. కిందటేడు కోతల పండగలో ఖర్చులు పోను మిగిలిన 46 వేలతో, కాలవ గట్టున పడవలవాళ్ళు ఆగడానికి కట్టిన మా పాత లాకుల చావిడి ఉత్తరపు గోడకి సిమెంటు పూత వేయించాం. పూత పూర్తయిన రోజు కమిటీ అంతా గోడ ముందు నిలబడి ఫొటో కూడా దిగాం. ఈ వానలు వెలిశాక చూస్తే నేలకి రెండడుగుల ఎత్తున పూత ఉబ్బింది. వేలి కణుపులతో తడితే డొల్ల కుండలా మోగుతోంది. ఒకచోట పెచ్చు ఊడితే వెనకున్న ఇటుక, టీలో ముంచిన బిస్కెట్టులా వేలికి రాలిపోయింది.

తాపీ తాతగారిని తీసుకొచ్చి చూపించాను. ఆయన ఉలి తిరగేసి నాలుగు చోట్ల కొట్టారు. "గోడకి రెయిన్‌కోటు తొడిగారమ్మాయ్. లోపల చెమట ఎటు పోద్ది?" అన్నారు.

సంగతి అంతే. పాతకాలం ఇటుక, సున్నం గోడ నేలలోంచి తేమ పీల్చుకుంటుంది. సున్నపు పూత ఆ తేమని గాలికి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. దాంతో నీరు గోడలోనే పైకి పాకుతుంది, దాంతోపాటు వచ్చిన ఉప్పు పూత వెనకాలే గడ్డకట్టి ఇటుక మొహాన్ని పగలగొడుతుంది. ఈ మాట కిందటేడే తాతగారిని అడిగుంటే చెప్పేవారు. మేం అడగలేదు. సిమెంటయితే గట్టిగా ఉంటుందని మేమే తీర్మానించేసుకున్నాం.

కాబట్టి ఈ ఏడాది పని: కిందటేడు పండగ డబ్బుతో పూసింది ఈ ఏడు పండగ డబ్బుతో గీకాలి. మీటింగులో ఈ ముక్క చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

నవంబరు 16

కొత్తగా కమిటీలోకి వచ్చిన కుర్రాళ్ళు "అసలు ఆ పాత కొట్టం ఎందుకక్కా?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. డెల్టా కాలవలు పొలాలకి నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. ఎత్తు తేడా ఉన్న చోటల్లా లాకులు కట్టారు, అంటే తలుపుల మధ్య నీళ్ళు నింపి, దించి పడవని ఎక్కించే, దించే తొట్లు. లాకు నిండేదాకా, తలుపులు తీసేదాకా పడవ ఆగాలి. ధాన్యం పడవలు వరసలో ఉంటే రాత్రి కూడా ఆగాల్సిందే. గట్టు మీద నడుస్తూ తాడుతో పడవ లాగేవాళ్ళు నడుం వాల్చడానికి కట్టిందే మా చావిడి. మూడు గోడలు, ముందు ఆరు టేకు స్తంభాలు, పైన పెంకులు. ఎప్పుడు కట్టారో రాసిన పలక ఏదీ లేదు. స్తంభాల మీద మటుకు నడుం ఎత్తున నున్నటి గాళ్ళు పడి ఉన్నాయి. తడి తాళ్ళు చుట్టి చుట్టి పడ్డవి. కుర్రాళ్ళలో ఒకడు ఆ గాడిలో వేలు పెట్టి చూసి, మరి మాట్లాడలేదు.

లారీలొచ్చాక పడవలు పోయాయి. ఇప్పుడు చావిడిలో మధ్యాహ్నం పూట చతుర్ముఖ పారాయణం, రాత్రి కుక్కలు.

ఈశాన్యం మూల పగులుకి ఇవాళ గాజు పలకలు అంటించాం. అద్దాల కొట్టులో మిగిలిన కిటికీ అద్దం ముక్కలు, రెండంగుళాల వెడల్పువి మూడు. పగులుకి అటూ ఇటూ పట్టేలా అడ్డంగా పెట్టి రెండు చివర్లూ జిగురుతో బిగించి, మీద తేదీ రాశాం. పగులు ఇంకా కదులుతుంటే గాజు చిట్లుతుంది. కదలకపోతే అలాగే ఉంటుంది. ఇరవై రూపాయల పరికరం. కదిలే పగుల్ని పూడిస్తే ఆ పక్కనే ఇంకోటి తెరుచుకుంటుందని తాతగారి మాట.

నవంబరు 30

తేదీల గొడవ. సంక్రాంతి మూడు రోజుల్లోనే పెడదామని సగం మంది. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు ఊళ్ళో ఉండేది అప్పుడే కదా అని వాదన. కానీ భోగి నాడు పందెం బరులు తెరుచుకుంటే మా వీధికి కాకి కూడా వాలదు. కనుమకి కోనసీమ జనం సగం జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పోతారు. చివరికి భోగికి ముందొచ్చే శని, ఆదివారాలు ఖాయం చేశాం. జనవరి 10, 11.

ఒక పెద్దమనిషి "మనమే ఒక బరి పెట్టుకుంటే ఒక్క రోజులో కొత్త చావిడి కట్టేయొచ్చు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నవ్వులాట కాదని అందరికీ తెలుసు. జంతుహింస నిరోధక చట్టం 1960 నుంచి ఉంది, రాష్ట్రంలో జూద నిషేధ చట్టం 1974 నుంచి ఉంది అని మా సెక్రటరీ గారు చదివి వినిపించారు. అది కాదు నా బాధ. ఆ డబ్బుతో బాగుచేసిన చావిడి ఆ డబ్బు పెట్టినవాళ్ళదే అవుతుంది.

అసలు చిక్కు వేరే. పండగ జరగాల్సిన వీధిలో ఇప్పుడు మోకాలెత్తు ధాన్యం ఉంది. సార్వా (వానాకాలపు వరి) కోతలు అయిపోయాయి, తేమ తగ్గందే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, కళ్ళాలు చాలవు, అందుకని రోడ్డే కళ్ళం. కిందటేడు డిసెంబరు 20కే వీధి ఖాళీ చేయమని అడిగి తిట్లు తిన్నాం. కోతల పండగ పేరు చెప్పి కోసిన ధాన్యాన్ని తీయమనడమేంటని ఒక రైతు నా మొహం మీదే అడిగాడు. జవాబు లేదు. ఈసారి ఖాళీ చేయమని అడగం. జనవరి 5 దాకా వీధి వాళ్ళదే. మేం ఐదు రోజుల్లో సర్దుకుంటాం.

డిసెంబరు 7

వరి కుచ్చుల పని. ధాన్యపు కంకుల్ని జడలా అల్లి చూరుకి వేలాడదీస్తే పిచ్చుకలు వచ్చి తింటాయి. పండగలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయేది ఇదే. కానీ కంకులేవి? ఊరంతా కోత మిషను కోసిందే. మిషను నోట్లోంచి గింజ ఒకవైపు, నలిగిన గడ్డి ఒకవైపు వస్తాయి, అల్లడానికి పనికొచ్చే కాడ ఒక్కటీ మిగలదు. పైగా మా చుట్టూ ఉన్నది ఎక్కువగా స్వర్ణ. మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన రకం, ఎంటీయూ 7029. దిగుబడికి గొప్ప రకమే గానీ పొట్టి మొక్క, జడకి కాడ చాలదు.

కిందటేడు ఈ సంగతి డిసెంబరు చివర్లో తెలిసింది, అప్పటికి చేలో మోళ్ళే. ఈ ఏడు జూలైలోనే మా పెద్దనాన్న చేలో గట్టు పక్క పది సెంట్లలో పొడుగు గడ్డి వచ్చే పాత రకం వేయించాం. గింజ పూర్తిగా ముదరక ముందే, నాలుగో వంతు పచ్చగా ఉండగానే కొడవలితో కోశాం. ముదిరితే అల్లేటప్పుడు గింజ రాలిపోతుంది. పనల్ని నీడలో ఆరబెట్టాం. ఎండలో ఆరితే కాడ పెళుసెక్కి విరుగుతుంది.

ఇవాళ మామ్మగారి అరుగు మీద మొదటి పాఠం. కాడల్ని తడి గోనె కింద గంట ఉంచాలి. మూడు కంకులతో మొదలెట్టి, మెలికకి రెండేసి చొప్పున కలుపుకుంటూ పోవాలి, కంకులన్నీ ఒకే వైపు వేలాడాలి. నా మొదటి కుచ్చు చీపురులా వచ్చింది. మామ్మగారు దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, "పిచ్చుకలకి అందంతో పనేముందిలే, కట్టేయ్" అన్నారు. ఆవిడ చేతిలో ఒక్కో కుచ్చుకి ఇరవై నిమిషాలు. మాకు గంటంబావు.

డిసెంబరు 14

ఈ ఏడాది నేను అన్నిటికంటే ఆశ పెట్టుకున్నది గానుగ మీద. గుడి వెనక తుప్పల్లో సున్నపు గానుగ రాతి చక్రం ఒకటి పడి ఉంది. వలయంగా తవ్విన గాడిలో సున్నం, ఇసుక పోసి, ఎడ్లతో ఆ చక్రాన్ని తిప్పిస్తే మెత్తగా నూరుకుంటుంది. పండగ రెండు సాయంత్రాలూ ఆ గానుగ వీధిలోనే తిరగాలి, అక్కడ నూరిన సున్నమే గోడకి పోవాలి. డబ్బుతో పాటు పూత కూడా పండగలోనే తయారవ్వాలని నా పట్టు. తాతగారు ఒప్పుకున్నారు గానీ షరతులు పెట్టారు.

మొదటిది, సున్నం ఇప్పుడే విరగ్గొట్టాలి, అంటే నీళ్ళు పోసి మరగనివ్వాలి. కాల్చిన గుల్ల సున్నం పది బస్తాలు తెప్పించాం. సముద్రపు గుల్లయినా సున్నపురాయి అయినా సుమారు 900 డిగ్రీల్లో కాలిస్తేనే సున్నమవుతుంది. నీళ్ళు పోయగానే అది సలసలా మరిగింది. నిజంగానే మరగడం, పొయ్యి లేకుండా. డ్రమ్ము బయట చెయ్యి పెట్టలేనంత వేడి. కంటికి చిల్లితే చూపే పోవచ్చు. అందుకే ఈ పని జనంలో చేయకూడదు. పిల్లల్ని గట్టు దిగనివ్వకుండా, కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకుని, పక్కన రెండు బిందెల మంచినీళ్ళు పెట్టుకుని చేశాం. వడకట్టిన ముద్దని గోతిలో పోసి పైన నాలుగంగుళాల నీళ్ళు నిలబెట్టాం. పండగ దాకా అలా మాగాలి.

రెండోది, పండగలో నూరేటప్పుడు ఇటుక పొడి కలపకూడదు. ఉత్తి సున్నం, ఇసుక అయితే తడి గోనె కింద వారాల తరబడి ఉంటుంది, గాలి తగిలితేనే గట్టిపడుతుంది. ఇటుక పొడి పడిందంటే నీళ్ళలో కూడా బిగుసుకోవడం మొదలెడుతుంది. అది గోడకి పూసే రోజునే కలపాలి.

మూడో షరతు: "నన్ను స్టేజి ఎక్కించి శాలువా కప్పకండి."

డిసెంబరు 28

అనుమతులన్నీ ఒక్క పేరాలో తేల్చేస్తాను. చావిడి పంచాయతీది, గట్టు ఇరిగేషను వాళ్ళది, రోడ్డు ఆపడానికి పోలీసు స్టేషను, తినుబండారాలకి ఆహార భద్రత రిజిస్ట్రేషను. మైకు రాత్రి 10 తర్వాత ఉండకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం. ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు 2022 జూలై నుంచి దేశమంతా నిషేధం, కాబట్టి విస్తళ్ళు, ఆకు దొన్నెలు. కాగితాలన్నీ చేతికొచ్చాయి.

వీధి కొలిచాం. 24 అడుగులు. కిందటేడు రెండు వైపులా కొట్లు పెట్టి మధ్యలో తోపులాట చేశాం. ఈసారి ఒక్క వైపే. రెండో వైపు ఫైరింజను దూరేంత దారి ఖాళీగా ఉండాలి. నూనె మూకుళ్ళన్నీ కాలవ చివరన, గడ్డి అలంకారం గుడి చివరన. ఈ రెంటి మధ్య కనీసం నలభై అడుగులు ఉండాలని పట్టుబట్టాను. ఎండుగడ్డి తోరణం కింద జంతికలు వేయించిన ఘనత కిందటేడు మాది.

జనవరి 4

పెంకు చందా. కప్పు మీద ఆరొందల చిల్లర పెంకులు మార్చాలి. ఒక పెంకుకి 60 రూపాయలు ఇస్తే దాని అడుగు వైపు మీ పేరు బొగ్గుతో మీరే రాయొచ్చు. చావిడిలో వెల్లకిలా పడుకున్నవాళ్ళకి కనిపిస్తుంది.

వీటిని మనం బెంగుళూరు పెంకులంటాం గానీ పుట్టిల్లు మంగుళూరు. అక్కడ బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో ఫ్యాక్టరీ పెట్టారు. మావి ఎక్కడివో తెలీదు, ముద్ర అరిగిపోయింది. కొత్త పెంకు కొలత పాతదానితో కలవక మూడు ఊళ్ళు తిరిగాం. చివరికి ఒక కూల్చేసిన రైసుమిల్లు కప్పు దొరికింది.

జనవరి 10, శనివారం రాత్రి

పన్నెండున్నర అయింది. కాళ్ళు నావి కావు.

సాయంత్రం ఐదింటికి హరిదాసు గారు వీధి మొదట్లోంచి చివరిదాకా నడిచారు, అదే ప్రారంభోత్సవం. ఉపన్యాసాలు లేవు. ఐదున్నరకి గానుగ మొదలైంది. ఎడ్లు బెదరకుండా డప్పుల్ని అవతలి చివరకి పంపాం. చక్రం తిరుగుతుంటే తడి ఇసుక నలిగే చప్పుడు, కరకరమని మొదలై చుట్టు చుట్టుకీ మెత్తబడుతూ పోయింది. పిల్లలు గాడి చుట్టూ కట్టిన తాడు అవతల గుంపుగా కూర్చున్నారు. తాతగారు కరక్కాయలు, బెల్లం నానేసిన నీళ్ళు చెంబుతో పోస్తున్నారు, పది రోజులుగా పులిసిన కంపు వీధంతా. "తాతా, గోడకి పానకం ఎందుకు?" అని ఒక పిల్ల అడిగింది. "వగరు పట్టుకుంటది, తీపి అతుక్కుంటది" అన్నారాయన.

ఏడు గంటలకి ఇరుసు విరిగింది. ఫటేలున నడిమికి రెండు ముక్కలు. పాత ఇరుసుకి చెద పట్టిందో లేదో చూడలేదు, రంగు వేసి మురిసిపోయాం. జనం నిట్టూర్చి అరిసెల వైపు మళ్ళారు. బళ్ళు బాగుచేసే బాబాయి ఇంటికెళ్ళి తుమ్మ దుంగ ఒకటి తెచ్చి, బాడిసతో అక్కడే వీధిలో చెక్కడం మొదలెట్టాడు. గంటన్నర. మళ్ళీ చుట్టూ జనం, ఈసారి గానుగ తిరుగుతున్నప్పటి కంటే ఎక్కువ. పెచ్చులు లేచి పడుతుంటే పిల్లలు ఏరుకున్నారు. తొమ్మిదికి చక్రం కదిలితే ఈల వేసినవాళ్ళలో మా సెక్రటరీ గారు కూడా ఉన్నారు.

పదికి మైకు ఆపేశాం. గరగల వాళ్ళు మైకు లేకుండానే ఇంకో పావుగంట ఆడారు.

జనవరి 11

ముగ్గుల పోటీకి 73 మంది. ఒకావిడ చావిడినే ముగ్గుగా వేసింది, ఆరు స్తంభాలూ లెక్క తప్పకుండా. బహుమతి మటుకు ఇంకెవరికో పోయింది. న్యాయనిర్ణేతలతో గొడవపడదామనుకుని ఊరుకున్నాను. కుచ్చులు ఏడింటికల్లా అయిపోయాయి. కరెంటు ఒకసారి పోయింది, మిక్సీలు నడిపే జ్యూసు కొట్టుని విడి లైనుకి మార్చాక మళ్ళీ పోలేదు.

పడవ లాగిన తరంలో ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క ముసలాయన్ని మనవడు స్కూటరు మీద తెచ్చాడు. ఆయన స్తంభం దగ్గర నిలబడి గాడిని చూడలేదు. కప్పుకేసి చూసి, ఇక్కడ ఉట్టి ఉండేది, అందులో చద్దన్నం మూట పెట్టేవాళ్ళం, కోతులు ఎత్తుకుపోయేవి అని కోతుల్ని తిడుతూ కూర్చున్నాడు.

జనవరి 18

లెక్కలు. కొట్ల అద్దె 18,600. కుచ్చులు 148, ఒకటి 120 చొప్పున 17,760. పెంకులు 611కి 36,660. ముగ్గుల ప్రవేశ రుసుము 3,650. హుండీ 9,215. మొత్తం 85,885. లైట్లు, జనరేటరు, మైకు, షామియానాలు, బహుమతులు, సఫాయి కలిపి ఖర్చు 31,400. మిగిలింది 54,485. లెక్కల కాగితం చావిడి స్తంభానికి అంటించాం.

పెంకుల డబ్బు పెంకులకే పోవాలి, అది మాట ఇచ్చిన డబ్బు. అది తీసేస్తే గోడకి మిగిలేది 17,825. తాతగారి అంచనాలో ఉత్తరపు గోడకి సామాను, ఎడ్ల బాడుగ ఇప్పటికే అయిపోయాయి, ఇక కూలీ 30 వేలు. అంటే గోడలో సగం దాటి కొంచెం. మిగతాది పూత పీకేసి అలాగే వదిలేద్దామని తీర్మానం. బోసిగా ఉన్నా ఊపిరి పీల్చుకుంటుంది. ఎవరో "అందవికారంగా ఉంటుంది" అన్నారు. ఉంటుంది మరి.

జనవరి 29

సిమెంటు పీకుతున్నారు. అనుకున్నదాని కంటే ఘోరం. పెచ్చు ఊడేటప్పుడు ఇటుక మొహాన్ని కూడా పట్టుకుని వస్తోంది. గట్టిగా కొడితే గోడ అదురుతుంది, మెల్లగా కొడితే రోజుకి గజం కూడా సాగదు. డొల్లగా మోగిన చోట ఇట్టే ఊడింది, గట్టిగా పట్టిన చోటే నష్టమంతా. మేం ఎంత నాణ్యంగా పూయించామో అంత చేటు. 43 ఇటుకలు మార్చాల్సి వచ్చింది.

ఫిబ్రవరి 8

మొదటి పూత పడింది. గోడని ముందురోజు సాయంత్రం, మళ్ళీ పొద్దున తడిపారు. పండగలో నూరిన ముద్దకి ఇటుక పొడి కలిపి మళ్ళీ కుమ్మి, తాపీతో విసిరి కొట్టారు, పామలేదు. విసిరితేనే సందుల్లోకి దిగుతుందట. రంగు లేత గులాబీ. ఇది ఎండలో గబగబా ఆరితే బీటలిస్తుంది, అందుకని తడి గోనెలు వేలాడదీసి రోజుకి మూడుసార్లు తడపాలి. పైపైన గట్టిపడడానికే వారాలు, లోపలిదాకా అంటే నెలలు.

ఈశాన్యం మూల గాజు పలకలు మూడూ ఇంకా చిట్లలేదు. నేను సంబరపడబోతే తాతగారు ఆపారు. ఇప్పుడు దాళ్వాకి (రెండో పంటకి) కాలవ నిండుగా పారుతోంది, గట్టు మట్టి తడిగా ఉబ్బి ఉంటుంది. వేసవిలో కాలవ కట్టేశాక మట్టి ఎండి కుంచించుకుంటుంది, పగులు కదిలేది అప్పుడు. జూన్‌లో నీళ్ళు వదిలాక ఇంకోసారి. అప్పటిదాకా ఆ మూల ముట్టుకోం.

మామ్మగారు అమ్మకుండా దాచిన కుచ్చు ఒకటి చావిడి చూరుకి కట్టాం. నేను కట్టిన చీపురు కుచ్చు పక్కనే ఉంది. పిచ్చుకలు మామ్మగారి కుచ్చు ఖాళీ చేసేశాయి, నాదాని జోలికి ఇంకా రాలేదు.

గోనెలు తడిపే వంతు రేపు పొద్దున జ్యూసు కొట్టు వాళ్ళది, మధ్యాహ్నం నాది, సాయంత్రం సెక్రటరీ గారిది. బకెట్టు లాకు దగ్గర, తలుపులు చూసుకునే లస్కరు గారి గదిలో ఉంది.